ఎడమకుంటే నిండు

భోగాపురం దగ్గర సముద్రపుటొడ్డున పుట్టి, అక్కడే మెట్టి, యాభై రెండేళ్లుగా చేపలతోనూ మనుషులతోనూ పోట్లాడుతూ బతుకుతున్న దాలమ్మకు లోకంలో రెండే ఆస్తులు. ఒకటి, బొబ్బిలి చేపల బజారులో అత్తగారి నుంచి సంక్రమించిన సిమెంటు గట్టు. రెండోది, ఆ గట్టు దాకా చేపలు మోసే ముసలి పికప్ బండి. బండి తానే నడుపుతుంది. పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఒకసారి కూర్చున్నవాళ్లు రెండోసారి కూర్చోరు.

గట్టుకు ఒక శాసనం ఉంది. ఎనిమిదింటికల్లా దాని మీద గంప పడకపోతే ఆ రోజుకది పక్క గట్టువాళ్లది. పక్క గట్టు లక్ష్మణమ్మది. దాలమ్మ ఒక్కరోజైనా ఆలస్యంగా రావాలని ఆవిడ పాతికేళ్లుగా తపస్సు చేస్తోంది.

ఇక బండి సంగతి. నాలుగేళ్ల కిందట డీజిల్ ముల్లు పనిచేయడం మానేస్తే, జంక్షన్‌లో బండ్ల కరెంటు పని చేసే మరిది ధనరాజు పాతసామాన్ల కొట్టు నుంచి ఒక కంపెనీ మీటరూ, ట్యాంకులో తేలే బెండు ఇంకో కంపెనీదీ తెచ్చి బిగించాడు. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు. ట్యాంకు నిండితే ముల్లు ఎడమకు వాలి ఖాళీ అంటుంది. ఖాళీ అయితే కుడికి లేచి నిండుగా ఉన్నానంటుంది.

"ముల్లు తిరగబడ్డాదిరా," అంది దాలమ్మ.

"ముల్లు బాగానే ఉన్నాది వొదినా. సూసే కన్నే తిరగబడ్డాది," అన్నాడు ధనరాజు, పదిమంది ముందు.

అంతటితో మాటలు బంద్. వాడిచేత ముల్లు సరిచేయించుకోవడం కంటే తన కన్ను సరిచేసుకోవడమే గౌరవమనుకుంది దాలమ్మ. ఎడమకుంటే నిండు, కుడికుంటే ఖాళీ. నాలుగేళ్లలో బండి ఒక్కసారీ దారిలో ఆగలేదు.

మొన్న హెడ్‌లైట్లు ఆరిపోయాయి. జంక్షన్‌లో ఆ పనికి ఇంకో మనిషి లేడు. దాలమ్మ బండి నిలిపి, తాళం బల్ల మీదికి విసిరి, ఎదురుగా ఉన్న గోడతో "లైట్లు" అని చెప్పి వెళ్లిపోయింది. అప్పటికి ముల్లు కుడి చివర ఉంది. మర్నాడు పొద్దున్నే డీజిల్ కొట్టించాలని మనసులో వేసుకుంది.

లైట్లు వేస్తూ ధనరాజు ముల్లు వంక చూశాడు. నాలుగేళ్లుగా అది అతని కంట్లోనే దిగబడి ఉంది. మీటరుకు జతైన బెండు సంపాదించి, పాతది ఊడదీసి, గుట్టుగా బిగించేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నాలుగేళ్ల తప్పు ఒప్పుకున్నట్టే.

తెల్లారి బండెక్కిన దాలమ్మ నిర్ఘాంతపోయింది. ముల్లు ఎడమ చివర ఉంది. అంటే ట్యాంకు నిండు! 'సిగ్గొచ్చి డీజిల్ కొట్టించాడు కాబోలు,' అనుకుంది. మనసు అర అంగుళం మెత్తబడింది కూడా. గజపతినగరం ఇవతల, ఆరున్నరకి, ఆ మెత్తదనమూ బండీ ఒకేసారి ఆగిపోయాయి.

ట్యాంకు మీద గుద్ది చూస్తే డొల్లగా మోగింది. వెనక గంపల్లో ఐసు కరుగుతోంది. ఫోను తీసింది.

"ఒరే, బండాగిపోనాది. ముల్లునేటి సేసావురా?"

ధనరాజు ఇరుకున పడ్డాడు. ఏమీ చేయలేదంటే బండెందుకాగిందో చెప్పాలి. బాగుచేశానంటే అంతకుముందు బాగాలేదన్న మాటే.

"బాగుసేసాను వొదినా."

"అయితే నాలుగేళ్లూ పాడయ్యే ఉన్నాదన్నమాట. నా కన్ను బాగున్నట్టేగదా?"

"అక్కడ గట్టు పోతంటే ఇప్పుడేటి పంచాయతీ?"

"పోతే నాదే పోతాది. సెప్పు!"

"నీ కన్ను బాగానే ఉన్నాది. నీ నోరే..."

"సాలు. డీజిల్ పోసినా ఇంజిన్లో గాలి తియ్యందే కదల్దు. ఎలా తియ్యాలో సెప్పి ఏడువు."

దారినపోయే మోటారుసైకిలతను బంకు నుంచి డీజిల్ తెచ్చిపెట్టాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ధనరాజు చెప్పినట్టల్లా ఇంజిన్ పక్కనున్న చేతిపంపు నొక్కుతూ, నొక్కుకొక తిట్టు చొప్పున గాలి తీసింది. బొబ్బిలి చేరేసరికి ఎనిమిదీ పది.

గట్టు మీద లక్ష్మణమ్మ గంప పట్టాభిషేకం చేసుకుని కూర్చుంది.

"ఏటి దాలమ్మా, ఎండెక్కినాక తీరిగ్గా వస్తన్నావు? పండుగొప్ప సగం అమ్మీసినాను."

"గంప తియ్యి."

"గడియారం సూడు."

పాతికేళ్లలో తొలిసారి దాలమ్మ కింద, మురికికాలవ పక్కన, గోనెపట్టా పరిచి చేపలమ్మింది. గిరాకీలో సగం గట్టుకే పోయింది.

సాయంత్రం ట్యాంకు నింపించుకుని తిన్నగా జంక్షన్‌కొచ్చింది. కొట్టు ముందు పదిమందీ ఉన్నారు.

"పాత బెండేదిరా? మళ్లీ బిగించు."

"వొదినా, ఇప్పుడది నిజం సెప్తన్నాది!"

"నాలుగేళ్లు అబద్ధం సెప్పింది. ఒక్కనాడూ దారిలో దించనేదు. నిజం సెప్పిన మొదటినాడే మురికికాలవ పక్కన కూకోబెట్టింది. తియ్యి."

ధనరాజు పదిమందినీ చూశాడు. ఎవరూ అడ్డురాలేదు. దాలమ్మ స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని, అతని ఎదురుగా కూర్చుంది. ఆ వృత్తిలో అతను తప్పు బిగించడం అది రెండోసారి. తెలిసి బిగించడం మాత్రం మొదటిసారి.

తాళం తిప్పగానే ముల్లు ఎడమకు వాలిపోయింది.

"ఇప్పుడు బాగున్నాది," అంది దాలమ్మ, గోడతో.