అత్త నెత్తిన బోర్లించిన తట్ట

సినిమా అంటే నాకు రోత. షూటింగు చూడ్డానికి పోదాం రమ్మని ఎవరైనా అంటే ఇప్పటికీ మొహం తిప్పుకుని ఎల్లిపోతాను. ఊరికే కాదు. నాను కూడా ఓ సినిమాలో ఉన్నాను మరి.

ఎనభైల్లో మద్రాసు కంపెనీ ఒకటి మా విశాఖపట్నం దిగింది. కాలేజీ కుర్రోళ్ల కామెడీ అట. ఐదుగురు కుర్రోళ్లు ప్రశ్నపత్రం దొంగిలించి చేప కడుపులో దాస్తారు. ఆ చేప కాస్తా ఓ చేపలమ్మే మనిషి తట్టలోకి పోతాది. దాని ఎనకాల వీళ్ల పరుగు. ఏటి కథో, ఏ మహానుభావుడు రాశాడో! ఇంటరు కుర్రోడిగా ఏసిన హీరోకి ముప్పై దాటి పొట్టొచ్చేసింది. ఆ పొట్టని రోజూ గుడ్డతో బిగించి కట్టేవోరు. మధ్యాన్నానికి ఆ గుడ్డ చెమట కంపు. పక్కన నిలబడి నవ్వాలంటే నాకు డోకొచ్చేది. అయినా నవ్వేవోణ్ని. హీరో స్నేహితుల్లో ఒకడి ఏషానికి ఊళ్లో కుర్రోడు కావాలని కాలేజీకొచ్చి నన్ను ఏరుకున్నారు కదా, నాను నేల మీద నడిస్తే ఒట్టు.

తట్ట మోసే మనిషి కూడా ఊళ్లోదే కావాలన్నాడు డైరెక్టరు. "మా మేనత్త ఉంది సార్" అన్నాను. అత్త వన్ టౌన్‌లో చేపలమ్మేది. తల్లి లేని నన్ను ఆ తట్ట మోసే చదివించింది. సినిమా అనగానే వీధి వీధంతా చాటింపేసేసింది.

మావోళ్లకి బొమ్మ తీయించుకోవడమంటే పెళ్లంత పని. ఫొటో స్టూడియోకి ఎల్లాలన్నా పెట్టెలోంచి మంచి కోక తీసి, తలకి నూనె రాసి, పూలెట్టుకునే ఎల్తారు. చచ్చాక గోడకెక్కేది ఆ బొమ్మే కదా. అత్త తన పెళ్లినాటి పట్టుకోక కట్టుకుని, మొహానికి పౌడరద్దుకుని ఫిషింగ్ హార్బర్‌కి దిగింది. యూనిట్టంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"చేపలమ్మే ముసల్ది పట్టుచీర కడుతుందా? రోజూ కట్టేది కట్టుకు రమ్మను" అన్నాడు డైరెక్టరు. అత్తకి అప్పటికి యాభై కూడా లేవు.

"మాసిన కోకతో బొమ్మ తీయించుకుంటారేటి బాబూ? నాను సచ్చినా తీయించుకోను" అని అత్త అక్కడే కూలబడింది.

డైరెక్టరు నన్ను పక్కకి లాగాడు. "ఇది రిహార్సల్, అసలుది పట్టుచీరతోనే తీస్తామని చెప్పు. ఒప్పించలేకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు" అన్నాడు. సిగ్గులేకుండా ఎల్లి అలాగే చెప్పాను. అత్త నా మాట నమ్మి కోక మార్చుకుంది. నా మాట కాక ఇంకెవరి మాట నమ్ముతాది?

తట్టలో కవళ్ల చేపలు మూడ్రోజుల కిందటివి. మొన్న హీరో వాటి మీద జారిపడ్డం తీశారు, మళ్లీ అవే కనపడాలట. ఎండకి మగ్గి, పొట్టలు పగిలి, పురుగులు లుకలుకలాడతన్నాయి. అత్త ముక్కు మూసుకుంది.

"సీ! ఈటిని కుక్కైనా ముట్టదురా. నా తట్టలో ఏనాడైనా ఇలాటి సరుకుందేటి?" అంది. అయినా నా కోసం నెత్తినెట్టుకుంది.

హీరో పరిగెత్తుకొచ్చి గుద్దేశాడు. తట్ట బోర్లాపడింది. ఆ కుళ్లు రసం జుట్టులోంచి కళ్లలోకి, నోట్లోకి కారింది. అత్త అక్కడే వాంతి చేసుకుంది. కెమేరా తిరుగుతానే ఉంది, ఆ వాంతి కూడా తీసేశారు దరిద్రులు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

అత్త కళ్లు తుడుచుకుని, "అల్లుడా, ఇప్పుడు పట్టుకోక కట్టుకోనా?" అంది.

"రేపు తీత్తారట అత్తా" అన్నాను.

మర్నాడు కంపెనీ భీమిలి పోయింది. సినిమాలో నీ ముక్క వద్దనుకున్నారట అని ఇంకో అబద్ధం ఆడాను. "పోన్లేరా, నువ్వున్నావు కదా, సాలు" అంది.

సినిమా ఒచ్చింది. నాను కాలేజీ కుర్రోళ్లతో కూర్చున్నాను. సరిగ్గా మా ఎనక వరసలోనే అత్త, వీధి ఆడోళ్లు, నన్ను చూడ్డానికని. తట్ట బోర్లాపడగానే హాలంతా ఈలలు. కుళ్లు కారతన్న అత్త మొహం తెర నిండా.

"ఎవర్రా బావా ఆ ముసల్ది?" అన్నాడు పక్కోడు, నవ్వు ఆపుకోలేక.

"ఏమోరా, మార్కెట్లో ఎవరో" అన్నాను. వాడితో కలిసి నవ్వాను కూడా. తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తాది.

ఎనక వరసలో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి తెర మీద నా మొహం ఒచ్చింది. పక్కింటావిడ గుసగుసగా, "అడుగో, మీ అల్లుడు కాదేటి?" అంది.

"మా ఇంట అలాటోడు పుట్టనేదమ్మా" అంది అత్త.