ఊదా దీపం కింద తెల్లకత్తి

2024 ఆగస్టు 15, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు సెంటినరీ కాలనీ యువజన సంఘం గదిలో జరుగుతున్న పాత వస్తువుల ప్రదర్శనలో లింగవ్వ కొంగు ముడి విప్పి, అరచేతి వెడల్పున్న గుడ్డముక్కను బల్లపై పెట్టింది. ఎర్రటి డాలు, అందులో మొన కిందికి తిరిగిన తెల్లకత్తి. సైనికుల భుజానికి కుట్టే గుర్తు అది.

లింగవ్వకు ఎనభై ఏళ్లు. ఆమె తల్లి కడుపులో ఉండగానే తండ్రి బర్మా యుద్ధానికి వెళ్లాడు. ఆయన తిరిగి రాలేదు. సైన్యం పంపిందంటూ ఆయన బట్టల మూట వచ్చింది. ఆయన సైన్యంలో చేరనే లేదని, ఎవరితోనో ఊరు విడిచాడని, మూట అంగట్లో కొన్నదని దాయాదులైన పాలివాళ్లు అన్నారు. ఆ మాటను తల్లి చనిపోయేదాకా మోసింది. తరువాత లింగవ్వ మోసింది. మూటలో చెదలు మిగిల్చింది ఈ గుర్తొక్కటే.

ప్రదర్శనకు వచ్చిన వస్తువులను పరీక్షించేది అచ్యుతరావు. కోస్తా నుంచి వచ్చి, బొగ్గు ప్రయోగశాలలో రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. పాత సైనిక చిహ్నాలు సేకరిస్తాడు.

"నిజమైందే అని జర మైకుల చెప్పు సారూ. నన్ను గన్న మా అవ్వ పేరు నిలవడ్తది."

"చూడనివ్వండమ్మా."

కుట్టు చేతిపనే. కత్తి అంచున ఒక తెల్లదారపు పోగును లోపలి నుంచి లాగి, సగం కాల్చాడు. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద: నూలు. మిగతా సగాన్ని గాజుపలకపై అతికించాడు. వెనక అస్తరు కుట్టి ఉన్నందున అటువైపు చూడలేదు. కిటికీలు మూయించి అతినీలలోహిత దీపం వేశాడు. కత్తి నీలితెలుపుగా వెలిగింది. దారానికి అలాంటి మెరుపునిచ్చే రసాయనాలు ఆ యుద్ధం ముగిశాకే విరివిగా వాడుకలోకి వచ్చాయి. ఇన్నేళ్లు దీన్ని ఎలా ఉంచారని ఆయన అడగలేదు.

"తరువాతి కాలపు నకలు," అన్నాడు. మైకు ఆన్‌లోనే ఉంది.

పాలివాళ్ల కోడలు సారవ్వ ముందు వరుసలోంచి లేచింది. "చూసిన్రా! ఎనభై ఏండ్లు అంగడి బట్టకు మొక్కింది. మీ అయ్యకు బర్మాల ఇంకో పెండ్లాం ఉండెనేమో, గామె కుట్టిచ్చిందేమో లింగక్కా!"

గది నవ్వింది. లింగవ్వ గుడ్డను తీసుకొని వెళ్లిపోయింది.

పెద్దల అమావాస్య అయిన పెత్రమాస నాటి ఉదయం, మరో చిహ్నం కోసం దీపం వేసిన అచ్యుతరావుకు పక్కనున్న గాజుపలక కనిపించింది. దారం ఒక కొస మాత్రమే వెలుగుతోంది. కుట్టు లోపల దాగి ఉన్న కొస వెలగకుండా చీకటిగా ఉంది. ఆయన నేరుగా లింగవ్వ ఇంటికి నడిచాడు. ఆమె పెద్దలకు ఇచ్చే బియ్యం చేటలో పోస్తోంది.

"అమ్మా, ఆ గుర్తును ఎప్పుడైనా ఉతికారా?"

"ఉతుకుడు గాదు సారూ. రంగు దిగుతదని సబ్బుపొడి నురగతోని పైపైన తుడుస్తుంటి, పెత్రమాస పెత్రమాసకు. బొగ్గుదుమ్ము పెట్టెల గూడ వడ్తదాయె. మసి మొకంతోని మా అయ్యకు బువ్వ వెడ్తనా?"

"వెలిగింది ఆ సబ్బుపొడిలోని మెరుపు మందేనమ్మా. లోపలి దారం వెలగలేదు. గుర్తు అసలుదే. ఒకసారి ఇవ్వండి, మైకులో నేనే చెబుతాను."

ఆమె మూలనున్న బొగ్గుపొయ్యి వైపు చూసింది.

"పంద్రాగస్టు నాడే అండ్ల ఏసిన."

చేట కింద పెట్టింది. ఆయన వైపు తిరిగి అడిగింది: "నీ తాన ఆ దారం ఎంత మిగిలింది సారూ?"

"నాలుగు మిల్లీమీటర్లు."