ఆది గుడ్డ పట్టుకుని బహదూర్‌పురా దాకా

కాశీకి పోయివచ్చినవాళ్ళు కాశీ సంగతి చెబుతారు. నేను పోయివచ్చింది బహదూర్‌పురా. లాల్‌దర్వాజాలో మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా కాదు. అయినా పాత ఫోర్‌వీల్ జీపు ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ యాత్ర ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అందుకే చెబుతున్నాను, మా ఆడపడుచు కూతురు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

మాకు ఏడు బర్రెలు. వాటికి పచ్చిగడ్డి మూసీ ఒడ్డు మడుల నుంచి రావాలి. ఎండాకాలం ఆ దారిలో ఏ బండైనా పోతుంది. వానలు పడ్డాయంటే మోకాలి లోతు బురద. ట్రాలీ ఆటోవాడు దూరం నుంచే దండం పెట్టి వెనక్కి తిరుగుతాడు. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒక్కటే అందులో దిగి, గడ్డి మోపులతో మళ్ళీ పైకి రాగలదు. మా ఆయన నర్సింహ ఆ జీపును కొన్నది అందుకే. ఆయన పోయాక నా మరిది మల్లేశ్ నడుపుతున్నాడు.

జీపులో గేర్‌బాక్సు వెనక ఇంకో ఇనుప డబ్బా ఉంటుంది. ఇంజను జోరును వెనక చక్రాలకూ ముందు చక్రాలకూ పంచేది అదే. ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. మా ఇంట్లో చిన్న డబ్బా అంటాం. పోయిన వారం జీపు మూసీ ఒడ్డు ఎక్కుతుంటే ఆ చిన్న డబ్బా లోపల పళ్ళు విరిగి, పైన పెంకు పగిలి, నూనె అంతా బురదలో కలిసింది. పళ్ళు ఒక్కటే అయితే మార్చేవాడినని, పెంకు పగిలాక అతికినా నిలవదని మెకానిక్ జహంగీర్ భాయ్ చెప్పాడు. ఈ రకం జీపుకు కొత్త డబ్బాలు ఇప్పుడు దొరకవట. బహదూర్‌పురా కబాడాలో, అంటే పాత బండ్లు విప్పి అమ్మే దుకాణాల్లో, పాతదే, బాగున్నదే, వెతుక్కోవాలి.

మల్లేశ్ అప్పటికే విసిగిపోయాడు. ఎండుగడ్డి కొని మేపుతుంటే బర్రెల పాలు సగానికి పడ్డాయి. ఆదివారం బేరగాడు వస్తాడు, బర్రెలను తోలేద్దాం, జీపును పాతసామానుకు వేసేద్దాం అన్నాడు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నా చేతికి తెలిసిన పని పాలు పిండటం ఒక్కటే. బర్రెలు పోతే పొద్దున లేచి నేను ఏం చెయ్యాలి? ఒప్పుకోలేదు. ఇద్దరం గొంతులు బొంగురుపోయేదాకా కొట్లాడుకున్నాం. నా గొంతు పుట్టుకతోనే బొంగురు, అది వేరే సంగతి.

చివరికి, "ఆదివారం లోపట జీపు లేస్తే సరే వదినా. లెవ్వకుంటె మాత్రం నన్ను ఆపకు," అన్నాడు.

గురువారం సాయంత్రం జహంగీర్ భాయ్ పగిలిన డబ్బాను దింపి, మూతి పైకి వచ్చేలా గోనెసంచి మీద పెట్టాడు. మరునాడు ఆయన మేనకోడలి పెళ్ళి, నాతో రాలేడు. ఫోటో తీసుకుపొమ్మన్నాడు. నాది బటన్ల ఫోను, అందులో ఫోటోలు రావు. రవిక కుట్టించుకోవాలంటే దర్జీకి పాత రవిక ఆది ఇస్తాం కదా, దీనికీ ఆది తీస్తానన్నాను. గులాబీపూల వాయిల్ చీర ఒకటి పాతబడి ఉంది. అందులో ఒక ముక్క చింపి డబ్బా మూతి మీద పరిచి అరచేత్తో నొక్కాను. నల్లనూనె గుడ్డకెక్కి, నడుమ పెద్ద రంధ్రం, చుట్టూ బోల్టుల రంధ్రాలు, ఒక పక్కకు పొడుచుకొచ్చిన భుజం, అన్నీ అచ్చుపడ్డాయి. ఆ భుజం ఉన్న పక్క నుంచే ముందు చక్రాలకు కడ్డీ పోతుందట.

శుక్రవారం ఇళ్ళకు పాలు పోసి వచ్చేసరికి తొమ్మిది. రెండు జొన్నరొట్టెలు, ఉల్లికారం, ఆది గుడ్డ సంచిలో వేసుకుని శాలిబండ రోడ్డు దాకా నడిచాను. బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కానీ వచ్చిన బస్సులో కాలు పెట్టే చోటూ లేదు. షేర్ ఆటో ఎక్కాను, దూద్‌బౌలికి ఇరవై రూపాయలు. పక్కన కూర్చున్న బుర్ఖా ఆమె ముక్కు మూసుకుంది.

"ఏముందమ్మా గా సంచిల? నూనె వాసనొస్తుంది."

"ఆది గుడ్డ."

"ఎవరికి కుట్టిస్తున్నవ్?"

"జీపుకు."

ఆమె దిగేదాకా నవ్వుతూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం, కబాడా దుకాణాలు పెద్ద రోడ్డు మీద ఉండవనీ, లోపలి గల్లీలో అడగాలనీ చెప్పింది. మీరూ గుర్తుపెట్టుకోండి. దూద్‌బౌలిలో చాయ తాగాను. నీళ్ళు ఎక్కువ. పాలమ్మేదాన్ని, నాకు తెలియదా. అక్కడి నుంచి ఇంకో ఆటో మారి, పది దాటాక బహదూర్‌పురాలో దిగాను.

గల్లీ నేల అంతా నూనె తాగి నల్లగా ఉంది. తలుపులు ఒక చోట, సీట్లు ఒక చోట, ఇరుసులు కట్టెల్లాగా పేర్చి ఒక చోట. మొదటి దుకాణంలో డబ్బా వెండిలాగా మెరుస్తోంది. కొత్తగా రంగు వేసినదాన్ని ముట్టుకోవద్దని జహంగీర్ భాయ్ చెప్పే పంపాడు, రంగు కింద పగులు దాస్తారట. అంగడికి తెచ్చే ముందు ముసలి బర్రె కొమ్ములకు నూనె పూస్తారు, అదీ ఇదీ ఒకటే. రెండో దుకాణంలో ఆది సరిపోలేదు. రంధ్రాలు కొంచెం పెద్దవి చేసుకుంటే ఫికర్ లేదు అన్నాడు దుకాణదారు. రవిక బిగువైతే చెయ్యి కోసుకొమ్మన్నట్టు ఉంది. ముందుకు నడిచాను.

మూడోది గౌస్ భాయ్ దుకాణం. గడ్డం నెరిసిన మనిషి. నేను జీపు సంగతి చెబితే లోపలికి పోయి రెండు డబ్బాలు దొర్లించుకుంటూ తెచ్చాడు. రెండింటికీ రంగు లేదు, మట్టే ఉంది. జహంగీర్ భాయ్ చెప్పినట్టే చూశాను. కడ్డీని చేత్తో తిప్పితే గరగర రాలేదు. పైకీ కిందికీ ఊపితే లొడలొడ కొట్టలేదు. లోపలి నూనెలో వేలు ముంచి రుద్దితే ఇనుపపొడి మెరవలేదు. గేరు వేసి గట్టిగా తిప్పినా జారలేదు. రెండూ మంచివే.

ఆది గుడ్డ తీసి ఒకదాని మూతి మీద పరిచాను. బోల్టుల రంధ్రాలు, భుజం, అన్నీ అతికినట్టు సరిపోయాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. అప్పుడు గౌస్ భాయ్ ఆ గుడ్డను ఎత్తి, తిరగేసి, రెండో డబ్బా మీద పరిచాడు. దానికీ అలాగే సరిపోయింది.

"ఇవి చెప్పుల జోడు లెక్కనమ్మా. ఒకటి ఎడమ కాలుది, ఒకటి కుడి కాలుది. నీ బండికి ముందటి కడ్డీ ఏ పక్కకు పోతది?"

నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆ జీపులో కూర్చున్నాను, కిందికి వంగి ఎవరు చూశారు? నూనె గుడ్డకు రెండు వైపులా ఇంకిపోయి ఎటు చూసినా ఒకటే నలుపు.

ఇంతలో వికారాబాద్ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయనకు లోపలి పళ్ళు చాలట, ఏ డబ్బా అయినా సరే. ఊరికి పోయే లారీ కదలబోతోంది. "నువ్వు ముందొచ్చినవక్కా. నీకేదో నువ్వు తీస్కో, మిగిలింది నేను కొంటవోత," అని పక్కన నిలబడ్డాడు. మంచివాడే. కానీ నేను తప్పు చేస్తే నాది ఆయన లారీలో వికారాబాద్ పోతుంది. తీసుకున్నది వాపస్ లేదని గౌస్ భాయ్ ముందే చెప్పాడు. రేపటికి ఇంకొకటి ఎక్కడ వెతకను?

జహంగీర్ భాయ్‌కి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పెళ్ళి బాజాలో ఏం వినపడుతుంది. మల్లేశ్ ఎండుగడ్డి కోసం ఊరి బయటికి పోయాడు. ఇంటికి చేస్తే మా అత్త ఎత్తింది. జీపు ముందు ఇరుసుకు, ఆ కడ్డీ పోయి కలిసే చోట, ఇనుప గుండు ఒకటి ఉంటుందని గౌస్ భాయ్ చెప్పాడు, అది ఏ పక్కకు ఉందో చూడమన్నాను. చాలాసేపు పట్టింది.

"ఎడమ పక్కకున్నది బిడ్డా."

"అత్తా, నువ్వు జీపుకు ఎదురుంగ నిలవడ్డవా, ఎన్కకెళ్ళి చూస్తున్నవా? ఆడనే ఉండు, కదలకు. నిలవడ్డ తావు చెప్పు."

అంతే, ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్. ఎదురుగా నిలబడితే ఆమె ఎడమ జీపుకు కుడి అవుతుంది. వెనక నుంచి చూస్తే ఎడమే. ఆమె ఎడమ అన్న మాట నా చెవిలో ఉండిపోయి, నా చెయ్యి ఎడమ డబ్బా మీదికి పోయింది.

పోయింది కానీ వెంటనే వెనక్కి తీసుకున్నాను. గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంచున నూనె అంటని చోట గులాబీలు ఉన్నాయి. ఒక వైపు ఎర్రగా, తిరగవైపు వెలిసినట్టు. అప్పుడు నాకు నిన్నటి సాయంత్రం కళ్ళ ముందుకు వచ్చింది. నేను నొక్కుతుంటే నా చేతి కింద ఎర్రటి గులాబీలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. ఎర్రటివే. వెలిసినవి కావు. అంటే మంచివైపు నాకు కనబడుతోంది, తిరగవైపు డబ్బాకు ఆనింది. ఎందుకు ఆనదు? ఎండలో ఆరేసినా మంచివైపు లోపలికి పెట్టేదాన్ని. పారేసే గుడ్డే అయినా మంచివైపు మసి కానిస్తానా?

తిరగవైపు కిందికి వేసి పరిచాను. కుడి డబ్బాకు సరిపోయింది.

"ఇదే," అన్నాను.

"పక్కానా అమ్మా?" అని గౌస్ భాయ్ అడిగాడు.

"పక్కా."

రైతు ఎడమదాన్ని భుజానికెత్తుకుని పోయాడు. గౌస్ భాయ్ ఒక రేటు చెప్పాడు, నేను ఒకటి చెప్పాను, నడుమ కలిశాం. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. అక్కడే రొట్టెలు తిన్నాను.

ఒంటిగంటకు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. ముందు కూర్చోమంటే వద్దన్నాను. వెనక డబ్బా పక్కనే, గోనెసంచి కప్పి, ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చున్నాను. హుస్సేనీఆలం దాటేసరికి వాన పట్టుకుంది. తడుస్తూ ఒకటే అనుకున్నాను. మీలో ఎవరైనా ఇలా ఆది తీసుకుని పోతే, డబ్బాకు ఆనిన వైపు గుడ్డ మూలకు ఒక ముడి వెయ్యండి. నాలాగా గులాబీల మీద ఆధారపడకండి. ఊరు తెలిసిందే, గల్లీలు తెలిసినవే, కానీ పొద్దున పోయిన దారి తిరిగివచ్చేటప్పుడు ఎంత పొడుగో!

ఆటో మా గల్లీలో ఆగేసరికి జీపు ముందు మా అత్త పీట వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుని ఉంది. జీపుకు ఎదురుగా.

"గిదేందత్తా, వానల?"

"కదలకు అన్నవ్ గద. ఫోనేమో సచ్చింది. నిలవడ్డ తావు అడిగితే ఏం చెప్పాలె అని గీడనే కూసున్న. ఇగో, గిటు," అని ఎడమ చెయ్యి చాపింది. ఆ చెయ్యి నేరుగా డ్రైవరు కూర్చునే వైపు చూపిస్తోంది. జీపుకు కుడి.

నేను గోనెసంచి తీసి డబ్బా భుజం చూశాను, ఆమె చెయ్యి చూశాను. ఆటోవాడి ముందే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ బొంగురు గొంతు విని గల్లీ అంతా తలుపులు తెరిచింది.

శనివారం జహంగీర్ భాయ్ డబ్బా ఎక్కించాడు, ఒక్క బోల్టు కూడా మొండికెయ్యలేదు. ఆదివారం బేరగాడు వచ్చేసరికి నేను పాలు పిండుతున్నాను. వాకిట్లో అదే పీట మీద కూర్చున్న మా అత్త, మల్లేశ్ ఎక్కడని అతను అడిగితే చెబుతోంది.

"జీపేస్కోని మూసీల గడ్డికి వోయిండు. చాయ తాగి పో బిడ్డా. పాలు మనింటియే."