తెల్లబోర్డు మీద నా తెలివి

ఉద్యోగం మీదికి తెచ్చుకోవాలంటే ఎవరైనా లంచం తింటారు, లేకపోతే ప్రిన్సిపాల్‌ని తిడతారు. నేను బోర్డుకు తెల్లరంగు వేయించాను.

ఎనభైల మొదట్లో హనుమకొండలో ఒక కాలేజీలో టెంపరరీ లెక్కల లెక్చరర్ని. హైదరాబాద్‌ సెమినార్‌లో తెల్లబోర్డు మీద నలుగురు కలిసి రంగు పెన్నులతో రాయడం చూసొచ్చాను. ఇక ఆగుతానా? వారం తిరక్కుండా మా నల్లబోర్డుకు తెల్ల పెయింట్ పూయించాను. పెన్నుల కోసం వరంగల్ బజారుకు పోతే, మిర్చి బస్తాల మీద పేర్లు రాసే మార్కర్లు తీశాడు సేటు.

"వానల నానినా పోదు సార్, గ్యారంటీ."

అదే గొప్ప గుణమనుకుని నాలుగు రంగులు కొన్నాను. నవ్వకండి, అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

పిల్లల్ని నాలుగు జట్లు చేసి, పరీక్షలో తప్పక వస్తుందనుకున్న పెద్ద లెక్కకు మొదటి నాలుగు లైన్లు నేనే రాసి, మిగతాది తలా కొంత చేయించాను. బోర్డు బతుకమ్మలా కళకళలాడింది. మురిసిపోతుంటే అటెండర్ కొమురయ్య వచ్చాడు.

"జర తుడిచెయ్యుండ్రి సార్. రేపు పరీక్ష ఈ రూములనే."

తుడిచాను. సబ్బు, కిరోసిన్, ఇటుకపొడి, ఏదీ పనిచేయలేదు. అడుసు తొక్కినవాడు కాలైనా కడుక్కుంటాడు, బస్తా మార్కర్ పట్టినవాడికి ఆ భాగ్యమూ లేదు. మిగిలిన పెయింట్ పూస్తే సాయంత్రానికల్లా అక్షరాలు మళ్లీ పైకి తేలాయి.

"కాపీ కొట్టిపిస్తున్నరంటరు సార్. మీ నౌకరికి కష్టమే," అన్నాడు కొమురయ్య, ఓదారుస్తున్నట్టు.

పొద్దున్నే బోర్డుకు మా ఇంటి దుప్పటి కట్టాను. పిల్లలు రాకముందే బయటి నుంచి పరీక్షల అధికారి వచ్చాడు, తల నెరిసిన లెక్కల ప్రొఫెసర్. దుప్పటి ఎత్తాడు. చేతిలోని ప్రశ్నపత్రం చూశాడు. మొదటి ప్రశ్న అదే.

"రెండో లైన్లనే తప్పు. గిది రాసిన పిలగాడెవడు?"

"పిలగాడు గాదు సార్," అన్నాడు కొమురయ్య గర్వంగా. "మా సారే సొంతంగ రాసిండు."

ప్రొఫెసర్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "అట్లనా? మరి ఇంక ఫికర్ లేదు. దుప్పటి తీసేయ్."

నా ఉద్యోగాన్ని కాపాడుతూ ఆయన రిపోర్టులో ఒకే వాక్యం రాశాడు: 'ఈ లెక్చరర్ వల్ల పిల్లలకు ఏ సాయమూ అందలేదు.'

ఆ రోజే సుద్దముక్క చేతబట్టి ప్రమాణం చేశాను: తుడిస్తే పోనిదేదీ ఇక జన్మలో రాయను.