అలిసినంక ఎంచుకోమన్న అండాలక్క

పంపు గొట్టం విప్పగానే సైకిల్ వెనక షాక్ అబ్జార్బర్‌లోంచి తుస్సుమని కాస్త గాలి బయటికొచ్చింది. ఎల్బీనగర్ మెట్రో స్తంభాల పక్కనున్న సైకిళ్ల షాపులో, కొత్త రబ్బరు వాసన మధ్య నిలబడి ఉన్నాను. నా పాత సైకిల్ ఫ్రేము పగిలింది, అతుకేసినా నిలవదన్నారు. కొత్తది కొనాలని వారం వారం ఇక్కడికొచ్చి, ఒక్కోదాన్నీ నొక్కి చూసి, ఏదీ తేల్చుకోలేక వెళ్లిపోతున్నాను. షాపబ్బాయి ఓపిక గలవాడు. "ఇది చూడండి మేడమ్, ముందూ వెనకా నూట అరవై మిల్లీమీటర్లు కుంగుతుంది. రాళ్ల మీద పోతున్నా సోఫాలో కూర్చున్నట్టే ఉంటుంది" అన్నాడు. "సోఫాయే కావాలనుకుంటే ఫర్నిచర్ షాపుకి పోయేదాన్ని కదా నాయనా" అనేశాను. పాపం, అతని మొహం చిన్నబోయింది. ఆ మాట నాది కాదు, అండాలక్కది. అక్క పోయిన ఎండాకాలం గుండెపోటుతో చనిపోయింది. ఒక్క సైకిల్ కొనడానికి నేనింత తిప్పలు పడుతున్నానంటే, పక్కన నిలబడి తిట్టడానికి ఆవిడ లేకపోవడమే కారణం.

ఆవిణ్ని ఎరగనివాళ్లకు ఎలా చెప్పను? సరూర్‌నగర్ వైపు ఒక సర్కారు బడిలో ఆటల టీచరు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో రైతుబజారు వెనక చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, మైదానం అవతల ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడే గొంతు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ ఆడిందట. ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు, టీ కూడా నిలబడే తాగేది. "కూసుంటే కాళ్లు గుంజుతయ్ పిల్లా" అనేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే, "చేసుకుందామనే ఉండె, టైమ్ దొరకలే" అని నవ్వేసేది. ఆవిడకో మౌంటెన్ బైక్ ఉండేది. ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతూ ఎవరో అమ్మేస్తే కొనుక్కుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ షాక్‌లున్న సైకిలే గానీ అవి కుంగేది కొంచెమే. ఆ కొంచెం గురించే మేమిద్దరం చాలా పోట్లాడుకున్నాం.

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేదాన్ని. సమ్మె మొదలయ్యాక క్లాసులు ఆగిపోయాయి, బస్సులు డిపోలు దాటలేదు, ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుండేది. మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నవాళ్లు. నాన్న పొద్దున్నించీ టీవీ ముందే. ఒక వార్త వింటే భయం, వినకపోతే ఇంకా భయం. "రాష్ట్రం విడిపోతే మన గతేమిటే సుధా?" అని కూరలో ఉప్పు తక్కువైనా అదే ప్రశ్న. అప్పటికే బాబాయి విజయవాడలో ఒక కాలేజీలో నాకు ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి. నేను సరేనంటే ఇల్లు అద్దెకిచ్చి అందరం వెళ్లిపోవడం, కాదంటే ఇక్కడే ఉండి ఏం జరుగుతుందో చూడడం. ఇంటిల్లిపాదీ నా నోటివైపే చూస్తున్నారు.

అలాంటి ఒక బంద్ రోజు ఇంట్లో ఉండలేక తమ్ముడి పాత సైకిలేసుకుని బయటపడ్డాను. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టీచర్ల దీక్షా శిబిరం ఉంది. దాని ముందు నుంచి తలొంచుకుని పోతుంటే, "ఓ పిల్లా, ఆగు జర!" అని గావుకేక. శిబిరంలోంచి ఒకామె వచ్చి, నన్ను దిగమని సైగ చేసి, సీటు కింద బోల్టు వదులు చేసింది. "సీటు గంత కిందికి పెట్టుకొని తొక్కితే మోకాళ్లు ఖతమైతయ్. ఎవలు నేర్పిన్రు నీకు?" అంటూ సీటు పైకి లాగి బిగించింది. "ఎవరూ నేర్పలేదండీ" అన్నాను. నా 'అండీ' వినగానే మాది ఎటువైపో ఆవిడకు తెలిసిపోయి ఉంటుంది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "గందుకే గిట్లున్నది. సాయంత్రం రా, నేర్పిస్త" అంది.

వెళ్లాను. ఆ తర్వాత రోజూ వెళ్లాను. పగలు శిబిరం, ఎండ దిగాక సైకిలు, అదీ ఆవిడ దినచర్య. లారీలు లేని హైవే మీద హయత్‌నగర్ దాటేదాకా తొక్కి, అక్కడ పక్కకు తిరిగి గుట్ట కిందికి చేరేవాళ్లం. మొరం దారి, సర్కారు తుమ్మ, అడుగడుక్కీ రాళ్లు. నేను పడేదాన్ని, అక్క నవ్వేది. పైకి లేపకుండా నవ్వేది, దానికి నాకు ఒళ్లు మండేది. కానీ తొక్కుతున్నంతసేపూ విజయవాడ గుర్తుకొచ్చేది కాదు. దాచుకున్న జీతంతో నేనూ ఒక మౌంటెన్ బైక్ కొనుక్కోవాలని పట్టుబట్టాను. నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "ఇక్కడ ఉంటామో లేదో తెలీని రోజుల్లో సైకిలా? నీకేవన్నా పిచ్చి పట్టిందా తల్లీ?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

బంద్ రోజున సైకిల్ కొనడానికి పోవడమనే తెలివితక్కువ పని నేను తప్ప ఇంకెవరూ చేయరేమో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపతను సగం దించిన షట్టరు కింద నుంచి తళతళలాడే సైకిలొకటి బయటికి తోశాడు. షాక్‌లు జానెడు కుంగేవి. రోడ్డంతా నాదే. ఫుట్‌పాత్ మీంచి దూకించాను, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరించాను, అబ్బ, మహారాణిలా అనిపించింది. అక్కంటే షాపతనికి గౌరవం, ఆవిడ దగ్గరే వాళ్ల పాప కబడ్డీ నేర్చుకునేది. అందుకే నాలుగు రోజులు తొక్కి చూడమని ఇచ్చేశాడు. గర్వంగా తీసుకెళ్లి అక్కకి చూపిస్తే ఆవిడ దాని సీటు మీద అరచేయి పెట్టి నొక్కి, పెదవి విరిచింది. "సోఫా కావాల్నంటే ఫర్నిచర్ దుకాణంల కొనుక్కోరాదు?" అంది. "ఖాళీ సడక్ మీద ఏ సైకిలైనా మంచిగనే ఉంటది. ముందుగాల గిది చెప్పు. నువ్వు తొక్కేది ఏడ?"

ఈ గుట్టలోనా, కృష్ణ ఒడ్డునా? విజయవాడ ఉద్యోగం సంగతి అప్పుడే చెప్పాను. అక్క పోవద్దనలేదు, పొమ్మనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండునని నేను కుతకుతలాడిపోయాను. మర్నాడు చౌరస్తా దాటుతుంటే శిబిరంలోంచి నినాదాలు వినిపించాయి. మా వాళ్లని వెళ్లిపొమ్మనే నినాదమొకటి మైకులో గట్టిగా మోగింది. ఆ గొంతు ఎవరిదో నేను తిరిగి చూడక్కర్లేకపోయింది. మైదానం అవతలికి కూడా వినబడే గొంతు కదా అది.

ఆ సాయంత్రం పోకూడదనుకున్నాను. అయినా పోయాను, తిట్టి రావాలని. గుట్ట దగ్గర అక్క నీళ్ల బాటిల్ నా చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు. "పొద్దున నేను విన్నాను. మమ్మల్ని పొమ్మన్నావు" అన్నాను. అక్క బాటిల్ మూత బిగించింది. "అన్న. అబద్ధమెందుకు, నేనే అన్న. మా తమ్ముడు డిగ్రీ చేసి, నౌకరీ కోసం తిరిగి తిరిగి, గిప్పుడు కూలికి పోతుండు. నాకు కడుపుల కోపమున్నది."

"నా మీదా?"

"నీ మీద కాదంటే నమ్ముతవా?"

"తెలీదు."

"నాకు గూడ తెల్వది పిల్లా" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు. కొంగుతో తుడుచుకునే అలవాటు లేదు, ముంజేత్తో తుడుచుకుని వెంటనే సైకిల్ అందుకుంది. "పా, పొద్దుగుంకకముందే సైకిల్ సంగతి తేల్చాలె."

ఆవిడ తేల్చే పద్ధతి అప్పటిదాకా నేనెక్కడా వినలేదు, ఆ తర్వాతా వినలేదు. గుట్టమీది ఒకే దారిలో, పరుపుబండ ఎక్కి, రాళ్లగుంట దిగి, మొరం మలుపు తిరిగి, మళ్లీ మొదటికి. ఒకసారి షాపు సైకిల్, ఒకసారి అక్క సైకిల్. "రెండూ బాగానే ఉన్నాయి" అన్నాను మొదట్లో. "నీ కాళ్లు ఇంకా అలవలే, గవి అబద్ధాలు చెప్తయ్. అలిసినంక ఎంచుకో" అని మళ్లీ తోలింది. తిట్టుకుంటూ తొక్కాను. ఏడుపొచ్చేదాకా తొక్కాను. కాళ్లు వణకడం మొదలయ్యాక తేడా తెలిసొచ్చింది. పెద్ద షాక్‌ల సైకిల్ నా బలాన్నంతా తనే మింగుతోంది. తొక్కిన ప్రతిసారీ కిందికి కుంగి, బండ ఎక్కాల్సిన చోట మొరాయిస్తోంది. చక్రం కింద ఏ రాయి ఉందో దాని మీద నాకు తెలియనే తెలియడం లేదు. అక్క సైకిల్ నడుము విరగకుండా కాచేంత మాత్రమే కుంగుతుంది. తొక్కిందంతా ముందుకే పోతుంది. రాయి తగిలితే తగిలిందని చేతికి తెలుస్తుంది, తెలిస్తే తప్పుకోవచ్చు. బండ మీద వెల్లకిలా పడిపోయి, "నీ సైకిలే. ఇలాంటిదే కావాలి" అన్నాను.

"ఏడ తొక్కుతానికి?"

"ఇక్కడే" అన్నాను. అనేశాక గానీ నేనేం అన్నానో నాకర్థం కాలేదు. అక్క అర్థం చేసుకుంది. ఆవిడింకా నిలబడే ఉంది, నడుమ్మీద చేతులు పెట్టుకుని సిటీ వైపు చూస్తూ. "గట్లనా" అంది, అంతే. ఇంటికెళ్లి ఒళ్లంతా మట్టితో నాన్న ముందు నిలబడి, బాబాయికి రానని చెప్పమన్నాను. "ఆ పంతులమ్మ పక్కనుందనా నీకింత ధైర్యం? రేపు ఆవిడే కాదంటే?" అన్నాడు నాన్న. నేనూ అదే భయంతో ఉన్నాను. చిన్న షాక్‌ల సైకిల్ కొన్నాను. అక్కా నేనూ దాదాపు రోజూ కలిసి తొక్కాం. ఆ నినాదం గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది మాత్రం మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

రాష్ట్రం వచ్చేసిందని తేలిన రోజు దిల్‌సుఖ్‌నగర్ అంతా పటాకుల మోత. నాన్న తలుపులు వేసి, కిటికీలు కూడా వేసేశాడు. కాసేపటికి ఎవరో తలుపు దబదబా బాదారు. అమ్మ చేయి నా భుజం మీద బిగుసుకుంది. "సుధా, నేనే!" అన్న కేక వినపడ్డాక నాన్న గొళ్లెం తీశాడు. మొహం నిండా గులాల్‌తో, పక్కన సైకిల్‌తో అండాలక్క. "తొక్కుదాం పా" అంది. "ఇవాళా? ఆడపిల్లని ఇవాళెలా పంపమంటారండీ?" అన్నాడు నాన్న. "ఇయ్యాలనే సార్. ఇయ్యాల మీ బిడ్డ ఇంట్ల కూసుంటే రేపటి సంది బయటికి రాబుద్ధి కాదు. నేనున్న గద" అంది అక్క. నాన్న నా మొహంలోకి చూసి పక్కకు జరిగాడు.

జనం మధ్య తొక్కడానికి వీల్లేక సైకిళ్లు నడిపించుకుంటూ పోయాం. డప్పులు, ఆటలు, ముక్కూమొహం తెలియనివాళ్లు కౌగిలించుకోవడాలు. అందరూ అక్కని ఎరుగుదురు, నన్నెవరూ ఎరగరు. శిబిరంలో ఆవిడతో ఉండే ఒకాయన రంగు పళ్లెంతో అడ్డం వచ్చి, "ఎవలక్కా గీమె? ఏ ఊరు?" అని అడిగాడు. ఏ ఊరంటే మా ఇంట్లో ఒకటే జవాబు. కొత్తపేటలోనే పుట్టి, కొత్తపేటలోనే చదువుకుని, ఎవరడిగినా నేను తెనాలి పక్కన తాతగారి పల్లె పేరే చెప్పేదాన్ని, ఆ ఊళ్లో పట్టుమని పది రోజులు ఉన్నది లేకపోయినా. ఆ మాటే నోటిదాకా వచ్చింది. అక్క నాకంటే ముందే అందుకుంది. మైకులో విన్న అదే గొంతుతో, చుట్టుపక్కలవాళ్లంతా తిరిగి చూసేటట్టు, "కొత్తపేట! మా కొత్తపేట పిల్ల!" అని అరిచింది. ఆయన నా నుదుటి మీద రంగు పూసి ముందుకెళ్లిపోయాడు. నేను సైకిల్ హ్యాండిల్ మీద తల పెట్టుకుని బావురుమన్నాను. అక్క నా సైకిల్ కూడా తనే పట్టుకుని నిలబడింది.

అప్పట్నుంచీ మీది ఏ ఊరని ఎవరడిగినా కొత్తపేట అంటాను. "అది కాదండీ, అసలు ఊరు?" అని కొందరు మళ్లీ అడుగుతారు. మళ్లీ కొత్తపేటే అంటాను, కొంచెం గట్టిగా.