రెండింటికి మూసే గేటు

ఆ రోజు మేము ఓడ దగ్గరికి ఆలస్యంగా చేరడానికి జీపు డ్రైవరు కారణం కాదు. నేనే కారణం. రెండేళ్ళపాటు ఈ మాట దాచి, ఇంకో కథ అందరికీ నవ్వుతూ చెప్పాను. పెదబయలులోనూ పాడేరులోనూ ఆ కథ విననివాళ్ళు తక్కువ. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

నేను పెదబయలులో బడి పంతులుని. నా భార్య అక్కడే ఆరోగ్య కేంద్రంలో నర్సు. మాది కింద మైదానం. ఉద్యోగాల కోసం కొండెక్కి ఇక్కడే ఉండిపోయాం. టీకాల పెట్టె పట్టుకుని ఆమె కొండ గూడేలకి వెళ్ళేది ఈ డ్రైవరు జీపులోనే. అతనిది మా మండలంలోనే ఒక గూడెం, మాకంటే చిన్నవాడు. ఆమె అతన్ని తమ్ముడూ అని పిలుస్తుంది.

ఆమెకి చిన్నప్పటినుంచి ఒకటే కోరిక. విశాఖ బీచిలో నిలబడి దూరంగా చూసిన ఓడని లోపలికెళ్ళి చూడాలని. మా పెళ్ళయి పాతికేళ్ళు నిండినప్పుడు, విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్ళే విహార ఓడలో మూడు రోజులకి టికెట్లు తీశాను. ఆమె ఆ కాగితాన్ని విప్పి చదవకుండానే బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది.

ఆ కాగితం మీద రెండు సమయాలున్నాయి. ప్రయాణికులు ఎక్కే గేటు మధ్యాహ్నం రెండింటికి మూస్తారు. ఓడ ఐదింటికి కదులుతుంది. రెండూ చదివాను. కానీ భార్యకీ డ్రైవరుకీ ఐదు అని మాత్రమే చెప్పాను. కావాలని దాచలేదు, రెండు అన్న అంకెని నేను లెక్కచెయ్యలేదు. మా దగ్గర జీపు నిండితేనే కదులుతుంది. బయల్దేరాక కూడా పై వాలు మీంచి ఎవరైనా "వత్తన్నాను" అని కేకేస్తే ఆగుతుంది. ఆ మనిషి పనసకాయ నెత్తిన పెట్టుకుని నింపాదిగా దిగొచ్చేదాకా అందరం కూర్చుంటాం. అన్నేళ్ళు అలా తిరిగిన నాకు, ఒక్క మనిషి కోసం జీపే ఆగుతుంటే అంత పెద్ద ఓడ ఆగదా అనిపించింది.

వానలు మొదలైన రోజులు. తొమ్మిదింటికి బయల్దేరి పదింటికి పాడేరు చేరాం. ఆఫీసుల ఎదుట టీకొట్టు దగ్గర తోటి పంతుళ్ళు కనబడ్డారు. పది నిమిషాలు అని దిగాను. జేబులోంచి టికెట్ తీసి మా గది ఎన్నో అంతస్తులో ఉందో, కిటికీ ఎటువైపో చూపించడం మొదలుపెట్టాను.

"ఓడెక్కొచ్చాక ఈయన మనతో టీ తాగుతాడేటి? ఇంకోటి ఇప్పించండి," అన్నాడొకాయన.

డ్రైవరు రెండుసార్లు వచ్చాడు. రెండోసారి నా చెవి దగ్గర, "మాస్టారూ, బేగి రండి. ఘాట్లో మబ్బు దిగిపోనాది, తోవ కనబడదు," అన్నాడు.

"ఐదింటికి కదా ఓడ! ఏటి నీ తొందర?" అన్నాను, నలుగురికీ వినబడేలా.

చివరికి నా భార్య జీపులోంచి హారన్ మోగించింది. అప్పటికి పదకొండున్నర.

ఘాట్‌లో ముందున్న బండి వెనక దీపం కూడా కనబడలేదు. అతను మెల్లగా దింపాడు. అలాగే దింపాలి కూడా. మైదానంలోకి వచ్చాక నా ఫోనుకి సిగ్నల్ అంది మెసేజీ మోగింది. గేటు రెండు గంటలకి మూస్తామని, దయచేసి ముందే రావాలని ఉంది. టైము ఒంటిగంట దాటింది. చోడవరం ఇంకా రాలేదు. ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

"కాస్త బేగి పోనీ," అన్నాను.

"ఐదింటికన్నారు గదండీ, ఇంకా శానా టైముంది," అంటూ అతను అద్దంలో నా ముఖం చూశాడు. వేగం పెంచాడు. నా భార్య ఒళ్ళో సంచీ పెట్టుకుని నిద్రపోతోంది.

రేవు గేటు దగ్గరికి మూడూ పదికి చేరాం. తాళం వేసి ఉంది.

"రెండింటికే మూసేశారు సార్. కాగితమ్మీద సూసుకోలేదేటి?" అన్నాడు కాపలా మనిషి.

నా భార్య నావైపు తిరిగింది. "రెండింటికా? ఐదని కదండీ అన్నారు?"

పాతికేళ్ళలో ఆమె ముఖం అలా చూడలేదు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: "ఐదు కదిలే టైము. గేటు రెండింటికని వీడికి చెప్పాను. ఘాట్లో నత్తలా దింపితే నేనేం చెయ్యను?"

అతను మా పెట్టె కిందికి దించుతున్నాడు.

"నీకు చెప్పారా తమ్ముడూ?" అని అడిగింది.

అతను నన్ను ఒక్క క్షణం చూశాడు. "సెప్పారమ్మా. నానే మరిసిపోనాను."

ఆమె అక్కడే ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

అప్పుడు లోపలినుంచి నీలం కోటు వేసుకున్న ఓడ ఉద్యోగి ఒకామె తాళాలతో వచ్చింది. సముద్రం బాగోలేక ఓడ ఇప్పుడే రేవుకి వచ్చిందట. ఇంకా ఒక్కరినీ ఎక్కించలేదట. "అందరూ లోపల హాల్లో ఉన్నారు, మీరూ రండి," అంది. నేను పెట్టె మీద కూలబడ్డాను. అంత హాయి నా జన్మలో ఎప్పుడూ తెలియదు. మాకంటే ఎక్కువగా ఆ డ్రైవరు నవ్వాడు. మేము లోపలికి వెళ్ళేదాకా చెయ్యి ఊపాడని తరవాత నా భార్య చెప్పింది. నేను వెనక్కి తిరగలేదు.

లైఫ్ జాకెట్లు ఎలా కట్టుకోవాలో మా చేత ఒకసారి చేయించి, ఐదింటికి కదలాల్సిన ఓడని పొద్దు గూకే వేళకి కదిలించారు. రేవు పక్కనున్న కొండ మెల్లగా వెనక్కి జరిగింది. "మన కొండలు ఎటేపండీ?" అని అడిగింది ఆమె. చెయ్యి చాపి ఎటో చూపించాను. ఆమె సంతోషం చూసి, ఇక అంతా సర్దుకుపోయిందనుకున్నాను.

పుదుచ్చేరిలో దిగినప్పుడు మూడింటికల్లా తిరిగి ఓడలో ఉండాలన్నారు. నేను ఒంటిగంటకే ఆమెని లాక్కొచ్చాను. "ఇప్పుడు తమ్ముడు లేడు కదా, అందుకే ముందొచ్చేశాం," అని నవ్విందామె. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వునే బడిలో, పెళ్ళిళ్ళలో, టీకొట్టులో కథగా చెప్పుకున్నాను. చెప్పేకొద్దీ నా కథలో జీపు ఇంకా మెల్లగా నడిచింది.

మొన్న ఒక సంత రోజు పాడేరు స్టాండులో నిలబడ్డాను. వరసలో మొదటి జీపు అతనిదే, ఖాళీగా ఉంది. వెనక జీపు నిండుతోంది. ఒకామె కూతురి రెక్క పట్టుకుని ఆపింది. "ఆడి బండెక్కకే గుంటా! ఓడనే తప్పించబోనాడంట, మనల్నేటి సేరుత్తాడు?"

అతను విన్నాడు. నన్ను చూసి, "పెదబయలేనా మాస్టారూ? ఎక్కండి," అన్నాడు. దారిలో నేనే అడిగితే చెప్పాడు, టీకాల పెట్టెకి ఏడాదిగా వేరే బండి పిలుస్తున్నారని. బండి మార్చమని డాక్టరుగారికి చెప్పింది నా భార్యే. మందు చల్లదనం పోకముందే గూడేనికి చేరాలి, ఓడకే చేర్చలేనివాడిని ఎలా నమ్ముతాం అందట.

ఆ సాయంత్రం టికెట్ కాగితం వెతికి తీసి ఆమె ముందు పెట్టి అంతా చెప్పాను. చాలాసేపు ఆ రెండు అంకెలనే చూసింది.

"నాకు చెప్తే సరిపోద్దా? నా చేత ఎంత మాట అనిపించారండీ! ఎక్కడ కథలు చెప్పారో అక్కడే చెప్పండి. రేపటినుంచి నా పెట్టె తమ్ముడి బండిలోనే వెళ్తాది."

మళ్ళీ సంత రోజు స్టాండులో, డ్రైవర్లందరూ ఉన్నప్పుడు చెప్పాను.  ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పాను.

"అయితే మాస్టారికి గడియారం సూడ్డం రాదేటి?" అన్నాడొకడు. స్టాండంతా నవ్వింది. "మరి పిల్లలకేటి సెబుతున్నారండీ బళ్ళో?" అన్నాడు ఇంకొకడు. ఆ వెక్కిరింపు నాకు మందులా పనిచేసింది.

అప్పుడు తప్పు నీ మీదెందుకు వేసుకున్నావని అతన్ని అడిగాను.

"ఏటి సెయ్యమంటారు? నానైతే రేత్తిరికి ఇంటికి పోతాను. ఓడ దొరికిందంటే, మీరిద్దరూ మూడ్రోజులు నీళ్ళ మద్దిని ఒక్క గదిలో ఉండాల గదండీ!"

నా గుండెల మీంచి రాయి దిగినట్టయింది. అతని జీపులో వెనక సీటెక్కాను. మొన్న కూతుర్ని ఆపిన ఆవిడ లాంటి వాళ్ళే ఒక్కొక్కరూ ఎక్కుతున్నారు. ఒక్క చోటు మిగిలింది. సంత చివర ఒక ముసలమ్మ తట్ట సర్దుకుంటూ చెయ్యెత్తింది.

అతను అద్దంలోంచి నావైపు చూశాడు. "టైమెంతండీ మాస్టారూ? ఆగుదుమా?"

"ఆగుదాం," అన్నాను.