ఇఫ్తార్ వేళ కదిలే జింకలు

అంకుల్ ఆఖరిసారి వేటకు వెళ్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆంటీయే. వాళ్లు మా వెనక వీధిలో ఉండేవారు. గుంటూరు వైపు నుంచి మాకంటే ఎంతో ముందు సిడ్నీ చేరిన కుటుంబం. ఆయన డాక్టరు. విల్లు పట్టడం మాత్రం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నారు.

ఆంటీ పుదీనా కట్ట నా చేతిలో పెట్టి, "షుగరు ఆయన కళ్లలోకి దిగిందమ్మా. మసక వెలుతుర్లో సరిగా ఆనడం లేదంట. ఈ రంజాన్‌కి ఒక్కసారి వెళ్లొచ్చి ఇక చాలిస్తారంట" అన్నారు.

ఆ మసక వెలుతురే ఆయనకు కావలసింది. ఇక్కడ డిసెంబరంటే మండువేసవి. పగలంతా జింకలు జామాయిల్ చెట్ల కింద పొదల్లో పడుకుని, చీకటి పడబోయే వేళకే మేతకు కదులుతాయి. రాత్రిపూట దీపాలు వేసి కొట్టడం చట్టం ఒప్పదు. ఒప్పినా అంకుల్ ఒప్పరు. పొద్దుగూకాక మిగిలే కాస్త వెలుగే ఆయనది. ఉపవాసం విడిచే వేళా అదే.

రెండువేల సంవత్సరం వస్తే తారీఖు తప్పి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ భయపడుతున్న రోజులవి. మా ఆయనతో పాటు వాటిని సరిచేసే పని మీద వచ్చిన కుర్రాళ్లు రౌస్ హిల్‌లోని మా ఇంటికి ఇఫ్తార్‌కు వచ్చేవారు. వాళ్లకు జింక మాంసంతో పలావు పెట్టాలని అంకుల్ కోరిక. అంతకు మించిన పట్టుదల ఇంకొకటుంది. తన బాణం తగిలిన ప్రాణిని ఆయన ఏనాడూ పొదల్లో వదిలేసి రాలేదు. ఆ మాట నిలుపుకునే విల్లు దించాలని.

కొండలు దాటి ఒక తెల్లాయన పొలానికి నలుగురం వెళ్లాం. పచ్చిమేతనంతా జింకలు తినేస్తున్నాయని ఆయనే రమ్మన్నాడు. గట్టు మీద కారు దగ్గర ఆంటీ, నేను కూర్చున్నాం. అంకుల్ గాలి ఎటు వీస్తోందో చూసుకుని మా ఆయనతో అన్నారు.

"బాణం తగిలాక కదలొద్దబ్బాయ్. అది కొంచెం దూరం పోయి పడుకుంటది. వెంటపడ్డావా, కొండ దాటేస్తది. వెయిట్ చెయ్యాలి."

"ఎంతసేపు అంకుల్?"

"నేను లేచేదాకా. మీ కంప్యూటర్లకి తారీఖు తెలీదు గానీ జింకకి టైము బాగా తెలుసు."

ఆంటీ నా చెవిలో, "ఇన్నేళ్ల కాపురంలో నా మాట ఒక్కటి కుదురుగా కూర్చుని విన్నారా? జింక కోసమైతే రాయిలా కూర్చుంటారు" అన్నారు.

సూర్యుడు దిగాడు. ఖర్జూరం నోట్లో వేసుకున్నాం. కింద పొద చాటున అంకుల్ చెయ్యి కూడా మెల్లగా నోటిదాకా వెళ్లి దిగింది. కాసేపటికి చెట్ల అంచున ఒక మగజింక నిలబడింది. ఆయన బిస్మిల్లా అనే ఉంటారు, మాకు వినపడలేదు. జింక ఎగిరిపడి, నాలుగు అడుగులు పోయి, తల వాల్చి ఆగింది.

మా ఆయన కత్తి పట్టుకుని పరుగెత్తారు.

ప్రాణం పోయేలోగా గొంతు కోసి జిబహ్ చెయ్యాలని ఆయన ఆత్రం. కోడికీ మేకకూ ఉన్న నియమమే ఆయనకు తెలుసు. అల్లా పేరు తలచి వదిలిన బాణానికి ప్రాణం పోతే ఆ వేట హలాలేనని తెలియదు. జింక ఉలిక్కిపడి పొదల్లోకి దూసుకుపోయింది. అంకుల్ అరవలేదు. విల్లు కింద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు.

తెల్లవారి నమాజు ఆ పొలంలోనే చేసుకుని వెతకడానికి బయలుదేరాం. ఎండుగడ్డి మీద నెత్తుటి చుక్కలు అంకుల్‌కు ఆనలేదు. నేను చూపిస్తుంటే ఒక్కొక్కటీ వంగి వేలితో తాకుతూ నడిచారు. జింక వాగు ఒడ్డున దొరికింది. ఒళ్లు గట్టు మీద, తల నీళ్లలో.

"దొరికింది, అల్హమ్దులిల్లాహ్, దొరికింది" అంటూ ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుండిపోయారు.

నేను బడికి వెళ్లలేదు. అరబ్బీ, తెలుగు రెండూ మా నాయన ఇంట్లోనే నేర్పారు. బాణం తగిలిన వేట నీళ్లలో దొరికితే తినకూడదనీ, చంపింది బాణమో నీరో తెలియదు గనక వదిలెయ్యాలనీ ఆయన చెప్పినప్పుడు, ఆడపిల్లకు ఇదెందుకని నవ్వేదాన్ని. అంకుల్ తలెత్తి నా వైపు చూశారు. ఆయనకూ తెలుసు.

"ఇది మనది కాదమ్మా" అన్నారు మెల్లగా. "రాత్రంతా ఎంత బాధపడిందో."

ఆ సాయంత్రం పప్పు, శనగలతోనే ఇఫ్తార్.

"అంకుల్, పలావు ఎక్కడ? జింక సర్వర్ డౌనా?" అని ఒక కుర్రాడు వేళాకోళం చేశాడు. మా ఆయన ముఖం కందిపోయింది. ఏదో చెప్పబోయారు. అంకుల్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు.

"నా కళ్లు నాయనా. బాణం గుండెకి జానెడు వెనక్కి పడింది. తప్పు నాదే."

అందులో ఎంత నిజముందో నాకు ఇప్పటికీ తెలియదు. విల్లు పేరు చెబితే గర్వంతో వెలిగే మనిషి, పదిమందిలో ఆ గర్వాన్ని తీసి మా ఆయన మీద కప్పారు. మర్నాడు ఆంటీ చూస్తుండగా వింటి తాడు విప్పేశారట. మళ్లీ కట్టలేదు.

కొత్త సంవత్సరం రానే వచ్చింది, కంప్యూటర్లకు ఏమీ కాలేదు. అంకుల్ చూపు మాత్రం మెల్లమెల్లగా పోయింది. కొన్నేళ్లకు ఆయనా వెళ్లిపోయారు. నాకు ఆయన చేసిన మేలుకు బదులు తీర్చే దారి ఇదొక్కటే కనిపిస్తోంది. ఇది చదివిన వాళ్లు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఈ సాయంత్రం పొద్దుగూకే వేళ ఒక్క నిమిషం ఆగి, మా అంకుల్‌ను మీ ప్రార్థనలో తలచుకోండి.